పైసల కోసమే కలిశారట, కలవనివ్వండి

నవంబర్ 23న బ్రెజిల్‌లోని సావో పాలోలో ఒయాసిస్ బ్యాండ్ ఆఖరి షో అయిపోయింది. జులై 4న కార్డిఫ్‌లో మొదలైన టూర్, మొత్తం 41 షోలు. ఆ వార్త మా డెస్క్‌కు వచ్చిన రాత్రి డ్యూటీ నాదే. నాలుగు లైన్లు రాసి, 'కలిసిన అన్నదమ్ములు' అని హెడ్డింగ్ పెట్టాను. మా సీనియర్ ఒకాయన కంప్యూటర్‌లోకి తొంగిచూసి, "కలవడమేంది భాయ్, పైసల కోసం కలిశారు" అని నవ్వి చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

ఏడాదిగా ఈ మాట వింటూనే ఉన్నాను. ఇంగ్లిష్ పత్రికల్లో చదివాను, ఫేస్‌బుక్‌లో చూశాను. పైసల కోసమే అన్నది నిజమే కావచ్చు. అయితే ఏమిటట? అక్కడే నాకు ఆ నవ్వేవాళ్లతో ఇత్తెఫాక్ కుదరడం లేదు.

మన ఇళ్లలో చాలామంది ఈ బ్యాండ్ పేరు విని ఉండరు. నాకూ ఇంగ్లిష్ పాటలతో పెద్ద రిష్తా ఏమీ లేదు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు సాహిత్యం. 1997, 98 ప్రాంతంలో కేబుల్ టీవీ ముందు జునూన్ వాళ్ల 'సయోనీ' కోసం కాచుకుని కూర్చునేవాణ్ని. మన జబాన్‌లో గిటార్ అట్లా గర్జించడం నేను వినడం అదే మొదలు. దాని కోసం ఎదురుచూస్తుంటే మధ్యలో ఒయాసిస్ పాటలు వచ్చేవి. అల్ఫాజ్ ఒక్కటీ అర్థమయ్యేవి కావు. పాడేవాడు చేతులు వెనక్కి కట్టుకుని, మెడ పైకెత్తి, మైకు మీద అలిగినట్టు పాడేవాడు. ఆ నారాజీ మాత్రం బాగా అర్థమయ్యేది. (పాటలు వినడం మీద మౌలానా సాబ్‌లు ఏమంటారో నాకు తెలుసు. ఆ బహస్ ఇంకోసారి పెట్టుకుందాం.)

ఆ పాడేవాడు లియామ్ గాలఘర్. పక్కన గిటార్ పట్టుకుని, తమ్ముడి వైపు చూడకుండా నిలబడేవాడు నోయెల్ గాలఘర్. మాంచెస్టర్‌లో బర్నేజ్ అనే బస్తీలో పెరిగారు. తల్లి పెగ్గీ ఐర్లండ్ మనిషి. కొట్టే భర్తను వదిలి, ముగ్గురు మగపిల్లల్ని తీసుకుని బయటికొచ్చి పెంచుకుంది. నోయెల్ 1967లో, లియామ్ 1972లో పుట్టారు. 1991లో బ్యాండ్‌లో ముందు ఉన్నది చిన్నవాడే. పెద్దవాడు అప్పుడు వేరే బ్యాండ్ వెంట సామాన్లు సర్దే పనిలో ఊళ్లు తిరుగుతున్నాడు. తిరిగొచ్చి తమ్ముడి బ్యాండ్‌లో చేరాడు. చేరాక పాటలు రాసే పని తనదే అయింది, పెత్తనమూ తనదే అయింది. దుకాణం తెరిచింది చిన్నోడు, గల్లా మీద కూర్చుంది పెద్దోడు. మన ఖాందానుల్లో ఈ కథ ఎన్నిసార్లు చూడలేదు!

1994లో మొదటి ఆల్బం. రెండేళ్లు తిరక్కుండానే, 1996 ఆగస్టులో నెబ్‌వర్త్ మైదానంలో రెండు రాత్రులు పాడితే రెండున్నర లక్షల మంది వచ్చారు. టికెట్లు అడిగినవాళ్లు 25 లక్షల పైనేనట. ఒకడు రాస్తాడు, ఒకడు పాడతాడు. రాసేవాడికి ఆ ఆవాజ్ లేదు, పాడేవాడికి ఆ కలం లేదు. ఒకడు లేకుండా ఇంకొకడు సగమేనన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ తెలియడమే వాళ్లకు భరించరాని సంగతి అయిందేమో అనిపిస్తుంది నాకు.

కొట్లాటలు ముందు నుంచీ ఉన్నాయి. 1995లో రికార్డింగ్ జరుగుతుండగానే అన్న క్రికెట్ బ్యాట్‌తో తమ్ముణ్ని బాదాడు. చివరిది 2009 ఆగస్టు 28న, పారిస్ దగ్గర, స్టేజీ ఎక్కాల్సిన సమయానికి. నోయెల్ తర్వాత చెప్పిన దాని ప్రకారం, లియామ్ కోపంతో ఒక ప్లమ్ పండు విసిరితే అది గోడకు తగిలి చితికింది. ప్లమ్ అంటే మన ఆలూబుఖారా. ఆ తర్వాత గిటార్‌ను గొడ్డలిలా తిప్పుతూ వచ్చాడట. ఆ రాత్రే నోయెల్, ఇక ఈ మనిషితో పని చేయలేనని ప్రకటించి వెళ్లిపోయాడు. తర్వాత చాలా ఏళ్లు లియామ్ ట్విట్టర్‌లో అన్నను ఆలుగడ్డ అని పిలుస్తూ గడిపాడు. ఆలూబుఖారా దగ్గర తెగింది, ఆలూ దగ్గర ఆగింది.

నవ్వొస్తుంది. కానీ ఆ ఏళ్లలో ఇంకొకటి జరిగింది, అది తలుచుకుంటే నవ్వు రాదు. ఇద్దరూ వేర్వేరు బ్యాండ్లు పెట్టుకున్నారు, వేర్వేరు ఆల్బములు తెచ్చారు. జనం మాత్రం పాతవే అడిగారు. అన్న ఒక హాల్లో, తమ్ముడు ఇంకో హాల్లో అవే పాటలు పాడుతూ తిరిగారు. ఇంటి మధ్యలో గోడ లేచాక రెండు వైపులా దాదీమా చేతి ఖీర్ వండుకున్నట్టు. ఇలాచీ అటు ఉండిపోయింది, ఖోవా ఇటు ఉండిపోయింది.

2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోయారు. వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. అట్లాంటి వార్త వచ్చిన వారం రోజులు డెస్క్‌లో నా పేరున్న మనిషికి ఎట్లా గడుస్తాయో ఇది చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండు మూడు రోజులకు ఆ ఊళ్లో నివాళిగా నిమిషం మౌనం పాటించారు. మౌనం అయ్యాక గుంపులోంచి ఒకావిడ 'డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' పాట మొదలుపెడితే, చుట్టూ ఉన్నవాళ్లంతా గొంతు కలిపారు. నోయెల్ రాసి, తనే పాడిన పాట అది. గుస్సాతో వెనక్కి చూడొద్దు అని దాని పేరు. గుస్సా చేసుకోవడానికి సకల కారణాలూ ఉన్న ఆ ఊరు ఆ పాటను ఎంచుకుంది. ఆ వీడియో నేను ఆ రాత్రి ఎన్నిసార్లు చూశానో.

ఆ పాట రాసినవాడు, వాడి తమ్ముడు మాత్రం అప్పుడు కూడా కలవలేదు. జూన్ 4న జరిగిన సంస్మరణ కచేరీలో లియామ్ పాడాడు, నోయెల్ రాలేదు. రానందుకు తమ్ముడు లోకం ముందు అన్నను తిట్టాడు. ఊరి దుఃఖం కలపలేనివాళ్లను ఏడేళ్ల తర్వాత ఒక టూర్ కాంట్రాక్టు కలిపింది. 2024 ఆగస్టు 27న ప్రకటన వచ్చింది.

కార్డిఫ్‌లో ఇద్దరూ చేతులు పట్టుకుని పైకెత్తి స్టేజీ మీదికి వచ్చారు. ఒకాయనకు 58, ఒకాయనకు 52. అసలేం జరిగింది, ఎవరు ఎవరికి మాఫీ చెప్పారు అనేది ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వివరించిన ఇంటర్వ్యూ ఒక్కటీ నా కంటపడలేదు. వాళ్లు చేసినదాంట్లో నాకు బాగా నచ్చింది ఇదే. మన దగ్గర సులహ్ అంటే ముందు బుజుర్గులను కూర్చోబెడతాం. తప్పు ఎవరిది, ఫలానా రోజు ఫలానా మాట ఎవరన్నారు అని తవ్వుతాం. తవ్వగా తవ్వగా పాత రంజిష్‌కు తోడు రెండు కొత్తవి పుడతాయి. చాయ్ చల్లారిపోతుంది, ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కుంటారు. వీళ్లు హిసాబ్ పక్కన పెట్టి ముందు తేదీ పెట్టుకున్నారు. చేయాల్సిన పని ఒకటి ఉంది, దానికి ఇద్దరూ కావాలి. టూర్ మధ్యలో అన్న ఒక రేడియోలో తమ్ముడు బాగా పాడుతున్నాడని, గర్వంగా ఉందని చెప్పాడు. 16 ఏళ్ల తర్వాత ఆ ఒక్క మాట! బుజుర్గుల మజ్లిస్‌లో కూర్చోబెడితే వచ్చేదా?

టూర్ మొదలవడానికి ముందు రోజే పోర్చుగల్ ఫుట్‌బాల్ ఆటగాడు డియోగో జోటా స్పెయిన్‌లో కారు ప్రమాదంలో చనిపోయాడు. అదే కారులో అతని తమ్ముడు ఆండ్రే కూడా పోయాడు. మర్నాడు కార్డిఫ్‌లో 'లివ్ ఫరెవర్' పాట చివర వెనక తెర మీద జోటా బొమ్మ వేశారు. ముందు ఇద్దరు అన్నదమ్ములు పాడుతున్నారు, వెనక తెర మీద తమ్ముడితో కలిసి పోయిన ఒక అన్న. అది చూసిన తర్వాత వీళ్లు ఎన్ని కోట్లు తీసుకున్నారని అడగబుద్ధి కాలేదు నాకు.

పైసల సంగతిలో నా కోపమంతా టికెట్ల మీద. 2024 ఆగస్టు 31న బ్రిటన్‌లో అమ్మకం మొదలైంది. జనం ఆన్‌లైన్ క్యూలో గంటలకొద్దీ కూర్చున్నారు. నిలబడి చూసే టికెట్ సుమారు 150 పౌండ్లు, అంటే మన 16 వేల రూపాయల పైచిలుకు అనుకున్నవాళ్లకు, తీరా వంతు వచ్చేసరికి 355 పౌండ్లు కనిపించింది. 39 వేల రూపాయలు. కొనాలా వద్దా, తేల్చుకోవడానికి నిమిషాలే. పోటీ నియంత్రణ సంస్థ విచారణ చేసింది. కంప్యూటర్ క్షణక్షణం ధర పెంచిందనడానికి ఆధారం దొరకలేదు. నిలబడే టికెట్లను రెండు రకాలుగా విడగొట్టి, చవకవి ముందు అమ్మేసి, అవి అయిపోగానే ఖరీదువి దించారు. ఆ మాట క్యూలో ఉన్నవాళ్లకు ముందు చెప్పలేదు. 'ప్లాటినం' అని పేరు పెట్టిన సీట్లు పక్క సీట్ల కంటే సుమారు రెండున్నర రెట్లకు అమ్మారు. ఆ పేరుకు అదనంగా ఇచ్చింది ఏమీ లేదు. మాకేం తెలియదు, అదంతా ప్రమోటర్లు, మేనేజర్లు చూసుకున్నారని బ్యాండ్ చెప్పింది. 2025 సెప్టెంబర్‌లో టికెట్‌మాస్టర్ కంపెనీ, ఇట్లా రెండు ధరలు ఉంటే 24 గంటల ముందే చెబుతామని ఒప్పుకుంది. అప్పటికి బ్రిటన్‌లో అమ్మాల్సినవన్నీ అమ్మేశారు.

అన్నదమ్ములు పైసలు తీసుకుని కలిస్తే అది వాళ్లిద్దరి సంగతి. 15 ఏళ్లు ఎదురుచూసిన మనిషి మొహబ్బత్‌ను అతను క్యూలో ఇరుక్కున్నాక వేలం పెట్టడం మాత్రం బద్‌దయానతీ. అది ఎవరో చేశారని తప్పుకోవడం ఇంకా చిన్నతనం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఏ సులహ్ అయినా అందరినీ లోపలికి పిలవదు. మొదటి ఆల్బంలో డ్రమ్స్ వాయించిన టోనీ మెకారల్‌ను 1995లోనే తీసేశారు. అతను కోర్టుకు వెళ్తే 1999లో డబ్బిచ్చి సెటిల్ చేసుకున్నారు. ఈసారి డ్రమ్స్ దగ్గర కూర్చున్నది వేరే మనిషి. పాతవాళ్లలో వచ్చినవాడు బోన్‌హెడ్ అని అందరూ పిలిచే పాల్ ఆర్థర్స్. ఆయన అక్టోబర్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్స కోసం సియోల్, టోక్యో, ఆస్ట్రేలియా షోలు వదులుకోవాల్సి వచ్చింది. గొంతు క్యాన్సర్ నుంచి కోలుకుని మూడేళ్లే అయింది. ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే ఏమయ్యేదో! జిద్దు పట్టి కూర్చున్నప్పుడు మన వయసు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటాం. పక్కవాళ్ల ఒంట్లో ఏం జరుగుతోందో ఎవరు చూడొచ్చారు.

ఈ టూర్ ఫొటోల్లో నేను ఎక్కువసేపు చూసింది ఆ ఇద్దరినీ కాదు. షోలకు వచ్చిన వాళ్ల పిల్లలను చూశాను. చాలామంది పెద్దవాళ్లయిపోయారు. పెద్దనాన్న, చిన్నాన్న పిల్లలు కలిసి పెరగాల్సిన ఏళ్లన్నీ ఒక ఆలూబుఖారా కింద పోయాయి.

ఇది నాకు ఎందుకు తగిలిందో కూడా చెప్పాలి. మా అబ్బాజాన్ పోయి పన్నెండేళ్లు. కర్నూలులో ఆయన సైకిల్ దుకాణం మా తమ్ముడే నడిపాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ పండక్కి వచ్చిపోయేవాణ్ని. చాలీస్వాఁ నాడు, ఇంటి నిండా మెహమాన్లు ఉండగా, దుకాణం హిసాబ్ చెప్పమని అడిగాను. నలుగురిలో అడిగాను. వాడు తలుపు తీసి చూపించాడు. అప్పటి నుంచి మాటల్లేవు. నా కూతురికి తన చిచ్చా కొడుకు ఎట్లా ఉంటాడో ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తే తెలిసింది.

పోయిన వారం తమ్ముడి పెద్దమ్మాయి షాదీ కార్డు వచ్చింది. పోస్టులో. సొంత అన్నకు ఇంటికొచ్చి చేతికివ్వకుండా కార్డు పోస్టులో పంపడమంటే ఏమిటో మన ఇళ్లలో అందరికీ తెలుసు. వెళ్లేది లేదన్నాను. మా ఇంటావిడ నా ఫోన్ లాక్కుని, కార్డిఫ్ వీడియో పెట్టి నా ముందు నిలబెట్టింది. "ఈయన్ని ఎవరైనా ఇంటికొచ్చి చేతికి కార్డిచ్చి పిలిచారా? కంపెనీ వాళ్లు పైసలిస్తామంటే లేచి రాలేదూ? మీకు బిర్యానీ అయినా పెడతారు కదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

కవరు మీద నా పేరు ఉర్దూలో ఉంది, వాడి చేతిరాతే. ఇప్పటికీ నుక్తాలు సరిగ్గా పెట్టడు.

డిసెంబర్ చివరి శనివారానికి నలుగురికి బస్సు టికెట్లు తీశాను. పొద్దున చూసినప్పుడు ఒక్కోటి ఆరు వందలు ఉంది. సాయంత్రం దాకా ఆలోచించి తెరిస్తే పదకొండు వందలు చూపించింది. ఆ రేటుకే తీశాను.