తీగ సంగతి పెట్టె మీద రాయించండి

భారతీయ ప్రమాణాల సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

అయ్యా,

మొన్న ఎండాకాలం అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోతుంటే టైరులో తుమ్మముల్లు దిగింది. కనుచూపు మేరలో పంక్చర్ షాపు లేదు. సిగరెట్ లైటర్ సాకెట్‌కు గాలిపంపు తగిలించాను. కాసేపటికే కాలిన ప్లాస్టిక్ వాసన. ప్లగ్గు లాగితే వేళ్లు చుర్రుమన్నాయి. ఇంటికొచ్చి తీగ ఒలిచాను. పైకి రాగి రంగే, గీకితే లోపల తెల్లగా అల్యూమినియం.

12 వోల్టుల మీద 120 వాట్ల పంపు 10 ఆంపియర్లు లాగుతుంది. కరెంటు రెట్టింపైతే అదే తీగలో వేడి నాలుగింతలవుతుంది. మా సీమ ఎండకు కారు లోపల ముందే ఉడికిపోతుంటుంది. సాకెట్ ఫ్యూజు పోతే చాలామంది దాని స్థానంలో ఇంకా పెద్దది వేస్తారు. అప్పుడు ఫ్యూజు మిగులుతుంది, తీగ కాలుతుంది. పెద్ద పంపులకైతే బ్యాటరీకే క్లిప్పులు పెట్టాలి, ఆ తీగకు సరిపడే ఫ్యూజు క్లిప్పు పక్కనే ఉండాలి. ఈ మాట కొనేవాడికి ఎవరూ చెప్పరు.

పెట్టె మీద పీఎస్‌ఐ అంకె మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. తీగ రాగిదా కాదా, ఎన్ని చదరపు మిల్లీమీటర్లు, ప్లగ్గు ఎన్ని ఆంపియర్లు ఓర్చుకుంటుంది, లోపల ఎంత ఫ్యూజుంది అన్నవీ అచ్చు వేయడం తప్పనిసరి చేయండి. రాత్రుళ్లు టమోటా బండ్లు తోలే మా పిల్లలు ఈ పంపుల్నే నమ్ముకుని రోడ్డెక్కుతున్నారు.

ఇట్లు,
అనంతపురం వాహనదారుడు