సవాల్ చేయడంలో షరమ్ ఏముంది?

ఉర్దూ మీడియంలో చదివిన నాకు ‘సవాల్’ అంటే ప్రశ్న. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే మాట ‘సవాలు’గా, పందెంలా ఎదురొచ్చింది. ఉర్దూలో దానికి ఇంకో మానీ ఉంది: చెయ్యి చాచి అడగడం. అలా అడిగేవాడు సవాలీ. మా ఇళ్లలో పిల్లలకు ఈ మానీయే ముందు నేర్పిస్తాం. ఎవర్నీ ఏదీ అడగొద్దు, షరమ్ అని.

మా ఆపా కూతురు బీఎస్సీ రెండో సంవత్సరం, జువాలజీ. పోయిన ఏప్రిల్‌లో ఒక కాగితం పట్టుకొచ్చింది. డిగ్రీ పిల్లల పరిశోధనకు ఒక సంస్థ చిన్న గ్రాంటు ఇస్తోందట. "మామూ, దరఖాస్తు రాశాను, జర చూడండి" అంది. ‘దోమల నివారణ ద్వారా ప్రజారోగ్య పరిరక్షణ’ అని పెద్ద హెడ్డింగు.

"బేటీ, ఇందులో సవాల్ ఏది?" అన్నాను. కొత్త రిపోర్టర్ కాపీ తెస్తే, ఇందులో ఖబర్ ఏదని అడుగుతానే, అలాగే.

గంటసేపు మాట్లాడితే అసలు సంగతి బయటికొచ్చింది. డెంగీని మోసే ఏడిస్ దోమ ఎక్కువగా ఇళ్ల దగ్గర నిలవున్న నీళ్లలోనే పుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. మా మొహల్లాలో నల్లా రోజూ రాదు, అందుకే ఇంటింటా డ్రమ్ములే. లార్వాలు ఎక్కువగా డ్రమ్ములోనా, ఆపేసిన కూలర్‌లోనా, పూలకుండీ కింది పళ్లెంలోనా? డ్రమ్ముకు మూత ఉంటే ఫరక్ ఎంత? 20 ఇళ్లు, 12 వారాలు, వారానికోసారి లెక్క. ఇదీ సవాల్. డిగ్రీ పిల్ల చేయగలిగినది, జవాబు దొరికితే మొహల్లాకు పనికొచ్చేది.

తర్వాత హిసాబ్. సీసాలు, పిప్పెట్లు, స్పిరిట్, భూతద్దం, రిజిస్టరు. మైక్రోస్కోపు కాలేజీదే. ఆటో కిరాయి మాత్రం రాయలేదు. "అది కూడా అడిగితే బాగుండదు మామూ" అంది. సీసాలు కాలేజీకి నడిచిపోవు కదా అని నేనే రాయించాను. మొత్తం 6,200 రూపాయలు.

ఇంత చిన్న రకమ్‌తో ఏం పరిశోధన అని నవ్వేవాళ్లకు ఒక మాట. మన సికింద్రాబాద్‌లోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమ కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది కొద్ది అణాలే. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. చిన్న రకమ్ చిన్న పనే చేస్తుందని ఎవరన్నారు?

జూన్‌లో గ్రాంటు మంజూరైంది. ఇంట్లో ఖుషీ రెండు రోజులే. మూడో రోజు షర్తులు చదివాం. ముందు మీరే ఖర్చు పెట్టండి, జీఎస్టీ బిల్లులు జత చేయండి, మార్చిలో వాపస్ ఇస్తాం. మా ఆపా బట్టలు కుడుతుంది. 6,200 అంటే ఆమెకు నెల కిరాయి. ఆటోవాలా జీఎస్టీ బిల్లు ఎక్కడి నుంచి తెస్తాడు?

నేనిస్తానంటే పిల్ల ఒప్పుకోలేదు. చివరికి వాళ్ల లెక్చరర్ మేడం తన జీతంలోంచి సర్దింది. అప్పటికి ఆగస్టు సగం గడిచింది. 12 వారాల లెక్క 7 వారాలకు కుదించుకుంది. మొదటి వానల్లో ఏం జరిగిందో ఆమె రిజిస్టర్లో లేదు. దోమలు ఫైలు కోసం ఆగవు. జీవశాస్త్రానికి మౌసమ్ ఉంటుంది, ఖజానాకు ఉండేది మార్చి ఒక్కటే.

కేంద్రం ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 80,000 ఇస్తుంది, అందులో 20,000 వేసవి పరిశోధనకే. మంచిదే. కానీ అది ముఖ్యంగా ఇంటర్ బోర్డు పరీక్షల్లో పైనున్న ఒక శాతం పిల్లలకు. మిగతావాళ్లకు దారి చూపాల్సినవి ఈ చిన్న గ్రాంట్లే. వాటిని కూడా జేబులో పైసలున్నవాళ్లే వాడుకోగలిగితే, అది మదద్ ఎట్లా అవుతుంది?

ఇచ్చేవాళ్లకు నా అర్జీ ఇంతే. సగం ముందే కాలేజీ ఖాతాలో వేయండి. చిన్న ఖర్చులకు లెక్చరర్ సంతకం పెట్టిన రసీదు చాలనండి. వానాకాలం పనికి పైసలు వానలకు ముందే పంపండి.

పిల్లలకూ ఒక మాట. దరఖాస్తు భీక్ కాదు. మీ దగ్గర ఒక మంచి సవాల్ ఉంది, దానికి జవాబు అందరికీ కావాలి. ఖర్చు అడగడం మీ హఖ్. కాదంటే ఎందుకు కాదన్నారో అడిగి, దిద్దుకుని మళ్లీ రాయండి. షర్తులు మాత్రం ముందే చదవండి. మేం చదవలేదు, అది మా గలతీ.

మా భాంజీ ఇప్పుడు ఇంకో ఫారం నింపుతోంది. ఈసారి హిసాబ్‌లో ఆటో కిరాయి మొదటి వరుసలోనే రాసింది.