గట్టు మీద సంతకం కాదు, సలహా అడగండి

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి,

వాటర్‌షెడ్ మ్యాపు గీశాక గ్రామసభ పెట్టి సంతకాలు తీసుకునే పద్ధతి మార్చమని కోరుతున్నాను. ఏ వంక ఎటు తిరుగుతుందో, ఏ చెక్‌డ్యాం త్వరగా పూడిపోతుందో గొర్రెల కాపరికి తెలుసు. గట్టున కందకాలు తవ్వి మేపు ఆపితే మొదట నష్టపోయేది ఆయనే. నీరు పెరిగేది దిగువన బోరున్న రైతుకు. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టకుండా వేసిన ప్లాను కాగితం మీదే బాగుంటుంది.

వాటర్‌షెడ్ పనుల్లో ప్రజల భాగస్వామ్యం ఉండాలని, కరువు ప్రాంత పథకాలను సమీక్షించిన హనుమంతరావు కమిటీ 1994లోనే చెప్పింది. తర్వాత మన జిల్లాతో సహా ఉమ్మడి రాష్ట్రంలోని 7 జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే వానను, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచారు. రబీకి ముందు ఊరి నీటి లెక్క కట్టి, ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. చెప్పినట్టు చేయమని ఎవరూ బలవంతపెట్టలేదు. అదే దాని బలం.

మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. తొలి సమావేశానికి భూమి లేనివాళ్లను, ఆడవాళ్లను పిలవండి. ఖర్చుల పట్టిక పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి. పథకం ముగిశాక పూడిక తీసే డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో పని మొదలయ్యే ముందే తేల్చండి.

ఇట్లు,
జిల్లా పౌరుడు