జూదం పెట్టినవాడు ఎక్కడో, అప్పు మన గడపలో



మునుపు ఊళ్లో పేకాట ఆడేవాళ్లు చింతతోపులోనో, పంపుసెట్టు షెడ్డులోనో కూర్చునేవారు. ఎవరు ఆడుతున్నారో, ఎవరు ఆడిస్తున్నారో ఊరందరికీ తెలుసు. పెద్దలు గద్దించేవారు, పోలీసులు వచ్చేవారు. ఇప్పుడు ఆ ఆట యౌవనస్థుని జేబులోని ఫోనులోకి వచ్చింది. ఆడించేవాని ముఖం ఎవరూ చూడలేదు. మిర్చి అమ్మిన సొమ్ము కుమారుడు ఇలాగే పోగొట్టగా, మా సంఘంలోని ఒక తల్లి "అయ్యగారూ, ఆ కంపెనీవాణ్ణి ఎక్కడికి పోయి అడగాలి?" అన్నది. చదువుకోని తల్లి అడిగిన ఈ ప్రశ్నతోనే అనేక దేశాల ప్రభుత్వాలు కుస్తీ పడుతున్నాయి.

ఈ కంపెనీలలో చాలామట్టుకు చిన్న చిన్న ద్వీపాలలో లైసెన్సు పుచ్చుకొంటాయి. కరీబియన్ సముద్రంలోని కురసావ్ అటువంటిదే, ఐరోపాలోని మాల్టా మరొకటి. ఆస్ట్రియా, జర్మనీ దేశాలలో డబ్బు పోగొట్టుకొన్న కొందరు తమ కోర్టులకు వెళ్లి, మా దేశపు లైసెన్సు లేకుండా ఆడించారు గనుక మా సొమ్ము తిరిగి ఇప్పించండని తీర్పులు తెచ్చుకొన్నారు. అయితే మాల్టా 2023లో ఒక చట్టం చేసి, తన లైసెన్సు ఉన్న కంపెనీల మీద పరాయి దేశాలు ఇచ్చిన అటువంటి తీర్పులను తన కోర్టులు అమలు చేయకుండా అడ్డుకట్ట వేసింది. కేసు గెలిచినా, మాల్టాలో ఆ సొమ్ము వసూలు చేసుకొనే దారి మూసుకుపోయింది.

బ్రిటన్ వేరొక దారి పట్టింది. కంపెనీ ఏ దేశంలో ఉన్నా సరే, బ్రిటన్‌లో ఉన్నవారిని ఆడించాలంటే బ్రిటన్ లైసెన్సు ఉండితీరాలని 2014లో చట్టం చేశారు. 2020 ఏప్రిల్ నుండి క్రెడిట్ కార్డుతో జూదమాడడం ఆపివేశారు. అక్కడి నియమాలన్నిటిలో ఇదే మేలైనదని మా ఉద్దేశం, ఎందుకంటే ఇల్లు కూలేది ఉన్న డబ్బు పోయినప్పుడు కాదు, లేని డబ్బు తెచ్చి ఆడినప్పుడు. ఆటలో చిక్కుకొన్నవాడు ఒక్కచోట తన పేరు వ్రాయించుకొంటే లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ కంపెనీ ఏదీ అతణ్ణి ఆడించకూడదనే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. ఆస్ట్రేలియా 2023లో ఇటువంటిదే ఆన్‌లైన్, ఫోను పందేలకు పెట్టింది. జర్మనీ 2021లో, అన్ని కంపెనీలూ కలిపి ఒక మనిషి నెలకు వేయగల సొమ్ముకు మామూలుగా వెయ్యి యూరోల హద్దు గీసింది. ఇవన్నీ లైసెన్సు ఉన్నవారికే. లైసెన్సు లేనివాని గుమ్మం తొక్కితే ఏ కంచే అక్కరకు రాదు.

మన సంగతికి వద్దాము. డబ్బుపెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కాని ఫోనుకు పొలిమేర ఏమి తెలుస్తుంది? ఇది అదృష్టం కాదు, నైపుణ్యం అని కంపెనీలు కోర్టులలో వాదిస్తూ వచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆ తేడాను తీసివేసింది. పరదేశం నుండి ఆడించేవారికీ ఇది వర్తిస్తుంది. ఆడించినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసినవారికి రెండేళ్లు, యాభై లక్షల వరకు. బ్యాంకులు ఆ సొమ్మును దాటించకూడదు. ఆడినవానికి మాత్రం ఈ చట్టంలో శిక్ష లేదు గనుక, తల్లిదండ్రులారా, పోలీసులకు భయపడి సంగతి దాచిపెట్టవద్దు.

బ్యాంకుల దారి మూసేకొద్దీ ఈ సైట్లవారు పల్లెల్లోని కుర్రవాళ్ల ఖాతాలకోసం వస్తున్నారు. నీ పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు, నెలకు ఇంత ఇస్తామంటారు. ఇచ్చాడంటే, దూరదేశంలో ఉన్నవాడు దొరకడు, పోలీసులు ముందుగా వచ్చేది ఖాతాదారుని ఇంటికే. మీ పిల్లవాని ఖాతాలో తెలియని సొమ్ము వచ్చిపోతూ ఉంటే వెంటనే బ్యాంకు మేనేజరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయండి. మోసపోయి డబ్బు పంపినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. ఆ సొమ్ము ఇంకా ఏదైనా ఖాతాలో ఉండగానే చెబితే, దాన్ని అక్కడే నిలిపివేసే వీలుంటుంది.