చరఖా పట్టిన చెయ్యి

సంక్రాంతి వచ్చిందంటే మా దోమలగూడలో మనుషులు నేల మీద ఉండరు. ఒక్కొక్క డాబా ఒక్కొక్క కోట. చిక్కడపల్లి వైపునుంచి ఒక పతంగి లేస్తే, నారాయణగూడ వైపునుంచి ఇంకొకటి వచ్చి దాని మీద పడుతుంది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ యుద్ధంతో పని లేదు. చాప వేసుకుని, చెరుకుముక్క నములుతూ చూస్తూంటాను.

ఈసారి పండగనాడు మావాడు పతంగి ఎగరేస్తూంటే, మా అమ్మాయి వెనక చరఖా పట్టుకుంది. ధూల్‌పేట నుంచి తెచ్చిన నూలుదారమే సుమండీ. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. గాలి అందుకుని పతంగి లాగుతూంటే చరఖా గిర్రున తిరుగుతోంది. ఇంతలో ఎవరో కోశారు. పతంగి పోయింది గాని చరఖా ఆగలేదు. గజాలకొద్దీ దారం కక్కి, కాళ్ళ దగ్గర చిక్కుల కుప్ప పోసింది.

"చరఖా పట్టుకోవడం కూడా రాదు నీకు!" అని వాడు గయ్యిమన్నాడు. "చూసుకోవద్దుటమ్మా!" అని నేనూ ఒక మాట వేశాను. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని కిందికి వెళ్ళిపోయింది.

సాయంత్రం, మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడు అరిసెలు తింటూ తీర్పు చెప్పాడు:

"దారం లాగగలదే గాని నెట్టలేదు, మాస్టారూ! బిగువుగా ఉన్నంతసేపూ చరఖాను తిప్పుతుంది. బిగువు పోయాక దాన్ని ఆపే శక్తి దారానికి లేదు. ఆపవలసింది చెయ్యే. పైగా, దారపుచుట్ట అడ్డుకొలత 4 అంగుళాలున్నప్పుడు ఒక్క చుట్టుకు సుమారు 12½ అంగుళాల దారం వస్తుంది. 2 అంగుళాలకు దిగితే 6¼ అంగుళాలే. పతంగి అదే వేగంతో పోతూంటే చరఖా రెండింతల వేగంతో తిరగాలి. మరి తెగిన సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది? దారం వేలి మీద ఉన్నవాడికి. వాడొక్క కేక వేస్తే అమ్మాయి అరచెయ్యి ఆనించేదిగా!"

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నూతిలో చేద దింపుతూ, అది నీళ్ళను తాకేవేళకు తాడు పిడికిట బిగించేది. నేనైతే వదిలేసేవాణ్ణి. చేద నీళ్ళమీద వాలగానే తాడు వదులయ్యేది. గిలక ఇంకా తిరుగుతూనే ఉండేది. తాడు గాడి తప్పి పక్కన ఇరుక్కునేది. అమ్మ ఏ ఫిజిక్సూ చదవలేదు.

మర్నాడు కనుమ. అమ్మాయిని పిలిచి, "నిన్న తప్పు నీది కాదమ్మా, మాది" అన్నాను. పతంగి దాని చేతికిచ్చి, చరఖా మావాడి చేతిలో పెట్టాను. పావుగంటలో మళ్ళీ పతంగి తెగింది. మళ్ళీ దారం కుప్ప పడింది.

"ఒక్క కేకైనా వెయ్యవద్దుటే!" అన్నాడు వాడు.

అమ్మాయి ఏమీ అనలేదు. నావైపు చూసి నవ్వి, చిక్కు తియ్యడానికి అన్న పక్కన కూర్చుంది.