ముల్లు చెప్పే శ్రుతి

వీణకు శ్రుతి చేసుకోవడానికి కంప్యూటరులో ట్యూనరు పెట్టుకోవచ్చునా అని అడిగే మిత్రులకు నా జవాబు ఒకటే. పెట్టుకోండి, మీ శ్రుతి ఒకటో అయిదో తేలి ఆధార షడ్జం కుదరగానే తీసివేయండి. ఇది ఛాందసంగా తోచవచ్చు. యంత్రాల మీద నాకు పగేమీ లేదు, తాడేపల్లిగూడెంలో మా ఇంటి కంప్యూటరుకు పొద్దస్తమానం పనే. నా అభ్యంతరమల్లా ఆ మృదులాంత్రం (ఈ మాట నాకు ఇప్పటికీ ఇష్టమే) లోపలి కొలబద్ద మీద.

ఆ కొలబద్ద పియానోది. స్థాయిని 12 సమభాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని 100 సెంట్లన్నారు. ఎకరానికి 100 సెంట్లు లెక్కగట్టే మన జిల్లాలవారికి ఈ మాట తేలికగానే పట్టుబడుతుంది. పేచీ అంతా గట్లు ఎక్కడ వేశారన్న దాని మీదనే. షడ్జంతో హాయిగా కలిసిపోయే అంతర గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటే, ట్యూనరు గట్టు 400 దగ్గర ఉన్నది. పంచమంలో తేడా రెండు సెంట్లే, దాన్ని వదిలేద్దాం. గాంధారంలో 14 సెంట్లంటే తంబురా మోగుతుండగా వినే చెవికి తప్పక తెలుస్తుంది.

వీణల తయారీకి పేరుపడిన నూజివీడు 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలోనిదే. పనసకర్ర వీణ మీద మైనం పెట్టి, అందులో 24 మెట్లు నిలబెట్టి మేళం కడతారు. ఒకే మెట్టు నాలుగు తీగలకూ పనికిరావాలి గనుక అక్కడా సర్దుబాటు తప్పదు. కాని ఆ సర్దుబాటు చేసేది చెవి. తీగను మీటుతూ, వింటూ, మెట్టును వెంట్రుకవాసి జరుపుతూ పోవాలి. కొల్లేటి వైపు తేమగాలికి కర్ర, మే నెల ఎండకు మైనం ఊరుకోవు గనుక అది ఒక్కసారితో తీరే పనీ కాదు.

ట్యూనరు తికమకపడడానికి మరో కారణం వీణలోనే ఉన్నది. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ గారు 1921లో మన తీగ వాద్యాల మీద వ్యాసం ప్రచురించారు. వెడల్పాటి గుర్రం వల్ల, తీగను ఎక్కడ మీటినా మూలనాదంతోపాటు పై నాదాలన్నీ పలుకుతాయని అందులో చూపారు. వీణకు ఆ నిండుదనం అక్కడినుంచే వచ్చింది. ట్యూనరు మాత్రం ఒక్కొక్కప్పుడు ఆ పై నాదాన్నే పట్టుకుని, షడ్జం మీటితే పంచమమంటుంది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది గమకం విషయం. ఏలూరులో వీణ నేర్చుకుంటున్న మా మేనకోడలు సెలవులకు వచ్చి, ఆ తెర ముందు కూర్చుని తోడి గాంధారం వాయించింది. ముల్లు అటూ ఇటూ కొట్టుకుంది, ఎర్రదీపం ఆరలేదు. “తప్పు పోతోందా మావయ్యా?” అని అడిగి, తానే ఊపు తగ్గించింది. దీపం పచ్చబడింది, తోడి పోయింది. ఏళ్ళ తరబడి మాస్టారు నేర్పినదాన్ని పిల్ల ఒక దీపం కోసం నిమిషంలో వదులుకుంది. ఆ సాయంత్రమే దాన్ని తీసివేశాను.

తీసివేయడమూ ఒక్క నొక్కుతో అయ్యేది కాదు. కంట్రోల్ ప్యానెల్లో పేరు మాయమైనా దాని అమరికల ఫోల్డరు మిగిలింది, అది పెంచిన మైకు స్థాయీ అలాగే ఉండిపోయింది. రెండూ చేత్తో సరిచేయవలసి వచ్చింది.

దాని స్థానంలో ప్రాట్ ఎక్కించాను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వీనింక్‌లు మాట ధ్వనుల పరిశోధనకు తయారుచేసిన ఉచిత మృదులాంత్రమది. డచ్చి భాషలో ఆ పేరుకు “మాట్లాడు” అని అర్థం. రికార్డు చేసినదానికి కాలక్రమంలో గీత గీసి చూపుతుంది, తప్పొప్పులు చెప్పదు. తోడి గాంధారం అందులో అలలాగా కనబడుతుంది. పక్కసారణి తీగలను మాత్రం గుడ్డతో అదిమిపెట్టి వాయించాలి, లేకుంటే ఆ గీత కూడా దారి తప్పుతుంది.