పొల్లు పోకుండా

మొన్న ఒక పనిమీద నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల వెళ్ళాను. అక్కడ ఎనభై ఏళ్ళ పెద్దాయన ఒకరు ఎర్రగుడ్డలో చుట్టిన నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టారు. వారి నాయన వ్రాసుకున్న పద్యాలు. కాగితం అంచులు వేలు తగిలితే చాలు, పొడిగా రాలుతున్నాయి. కాలేజీలో చదివే మనుమడు దాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాడట.

“మా నాయిన రాసింది పొల్లు పోకుండ దించుమన్న సారూ. వీడు పొల్లే పోగొట్టిండు,” అన్నారు పెద్దాయన.

హాస్యమనుకున్నాను. కాదు, అక్షరాలా నిజం! పోయింది నకారపొల్లు.

పాత పుస్తకాలు తిరగేసిన పాఠకులకు దీన్ని పరిచయం చేయనక్కరలేదు. నకారమూ దాని పొల్లూ ఒకే రూపంలో ఒదిగిపోయిన అక్షరం. ప్రెస్సువారు వేయగలిగితే ఇదిగో: ౝ. పలకడంలో ‘న్’కూ దీనికీ భేదం లేదు. అందుకే కాబోలు, అచ్చులో రాను రాను ‘న్’ ఒక్కటే మిగిలింది.

కంప్యూటరులో ప్రపంచ లిపులన్నిటికీ అంకెలు కేటాయించే పట్టిక ఒకటుంది. పేరు యూనికోడ్. ఇథియోపియా లిపికి 1999లో అందులో చోటు దొరికింది. వారి గుణింతంలో ప్రతి రూపానికీ విడిగా ఒక అంకె. మనకు 1991లోనే దొరికింది గాని, మన పద్ధతి వేరు. హల్లుకొక అంకె, గుణింతపు గుర్తుకొక అంకె, పొల్లుకొక అంకె. వాటిని కలిపి చూపే పని యంత్రానిది. అరసున్నా, బండి ఱా మొదటినుంచీ ఉన్నాయి. నకారపొల్లు మాత్రం 2021 దాకా, అంటే ముప్ఫై ఏళ్ళు, గుమ్మం బయటే నిలబడింది.

కలపడంలోనే వచ్చింది చిక్కు. న, పొల్లు, వెంటనే మరో హల్లు వస్తే యంత్రం ఒత్తు పెట్టేస్తుంది. నోటుబుక్కులో పదాల మధ్య చోటు లేదు. ‘చేసెౝరాముఁడు’ అన్నది మనుమడి చేతిలో ‘చేసెన్రాముఁడు’ అయింది.

“ఈ సెన్రాముడెవరు తాతా?” అని వాడే అడిగాడట!

ఇలాంటి చోట చిన్నయసూరి బాలవ్యాకరణం సంశ్లేషను ఒప్పుకుంటుంది. గణాలకూ నష్టం లేదు. కాని కలపాలో వద్దో తేల్చుకోవలసింది కవి, యంత్రం కాదు. మధ్యలో కంటికి కనబడని అడ్డుగోడ అక్షరం ఒకటి పెట్టి ‘న్’ను విడిగా నిలపవచ్చు. నేనూ ఇన్నాళ్ళూ అంతటితో సరిపోతుందనే వాదించాను. ఒకే ధ్వనికి రెండు అంకెలెందుకు? ‘న్’ కోసం వెదికితే ‘ౝ’ దొరకదు, అది కొని తెచ్చుకున్న తద్దినం అనేవాణ్ణి.

నోటుబుక్కు చదివాక నా వాదం నీరుగారిపోయింది. ‘మకాన్’, ‘మైదాన్’ లాంటి ఉర్దూ మాటల చివర ఆయన మామూలు ‘న్’ వ్రాశారు. ద్రుతం ఉన్నచోట మాత్రమే ‘ౝ’. పుస్తకమంతా చూశాను, ఒక్కచోటా తప్పలేదు. అన్నిటినీ ‘న్’ చేసేస్తే, ఆయనకు అంత వ్యాకరణం తెలుసునన్న సంగతే మాసిపోయేది.

కుర్రవాడు అప్పటికప్పుడు కొత్త అంకె వేసి, తాత ఫోనుకు పద్యం పంపాడు. ఆ ఫోనులోని ఫాంటుకు ఈ బొమ్మ తెలియదు. అక్షరం ఉండవలసిన చోట ఖాళీ గడి కనబడింది. లోపల అంకె భద్రంగానే ఉందనీ, ఫాంటు మారితే అక్షరం వస్తుందనీ చెప్పాను.

“ఉండనీ సారూ. జాగయితే దొరికింది గద,” అంటూ పెద్దాయన నోటుబుక్కును మళ్ళీ ఎర్రగుడ్డలో చుట్టుకున్నారు.